తూటా ఎక్కడ తగలాలి? అంతకంటే ముందు, పేల్చాలా వద్దా?

1907లో, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని కుమావూన్ కొండల్లో, చంపావత్ దగ్గర వేటగాడు జిమ్ కార్బెట్ ఒక ఆడపులిని చంపాడు. అప్పటికి అది నేపాల్‌లోనూ కుమావూన్‌లోనూ కలిపి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. చచ్చిన పులి నోరు తెరిచి చూస్తే కుడివైపు కోరపళ్లు రెండూ విరిగి ఉన్నాయి. పైది సగానికి విరిగింది, కిందిది ఎముక దాకా పోయింది. ఎప్పుడో ఎవరో కాల్చిన తూటా దెబ్బ అది. ఆ పళ్లతో అడవి జంతువును పట్టి చంపడం దానివల్ల కాలేదు, మనుషుల మీద పడింది. ఆ మొదటి తూటా పేల్చింది ఎవరో ఎవరికీ తెలియదు. ఆ తూటా నాలుగు వేళ్లు ఇటు జరిగితే పులి అక్కడికక్కడే చచ్చేది. అటు జరిగితే అడవిలో మామూలుగా బతికేది. ఆ నాలుగు వేళ్ల తేడా వల్లే ఊళ్లకు ఊళ్లు తలుపులు బిగించుకుని కూర్చున్నాయి.

వేటలో నీతి గురించి ఎవరు అడిగినా నాకు ముందు ఈ పులి పళ్లే గుర్తొస్తాయి.

నేను టెక్సస్‌లో ఉంటాను. కొన్నేళ్లుగా నవంబరులో తెల్లతోక జింకల వేటకు వెళ్తున్నాను. ఇక్కడ అది చట్టం ఒప్పుకున్న పని. లైసెన్సు ఉండాలి, సీజన్‌లోనే వెళ్లాలి, ఎన్ని కొట్టవచ్చో లెక్క ఉంటుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్లు వేట పాఠాలు చదివి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మన దేశం సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ వేట నేరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల జింక. వాటి మీద తుపాకీ ఎత్తితే జైలుకే. అది అలాగే ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. కాబట్టి ఇది ఇండియాలో వేటాడమని చెప్పే వ్యాసం కాదు. చట్టం అనుమతించిన చోట ఒక జంతువును చంపాలని మనిషి నిర్ణయించుకున్నాక, ఆ జంతువుకు అతను ఏం బాకీ పడతాడో చెప్పే ప్రయత్నం.

తలకి ఎందుకు కొట్టరు

ఊరి నుంచి ఫోన్ చేసే మావాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. "తలకే కొడతారా? ఒక్క దెబ్బకి పోతుంది కదా?" వినడానికి దయగానే ఉంటుంది. కానీ జింక తలలో ఎక్కువ భాగం మూతి, దవడ, ముక్కు ఎముకలే. మెదడు మన పిడికిలికంటే చిన్నది. పైగా ఒళ్లంతా రాయిలా కదలకుండా ఉన్నప్పుడు కూడా జింక తల ఆడుతూనే ఉంటుంది. గడ్డి కొరుకుతుంది, ఈగను తోలుకుంటుంది, ఏదో చప్పుడైతే చటుక్కున తిరుగుతుంది. ట్రిగ్గర్ నొక్కాలని మనసు అనుకోవడానికీ తూటా అక్కడికి చేరడానికీ మధ్య ఆ తల ఒక జానెడు జరగడం పెద్ద విషయం కాదు.

అలా జరిగితే దవడ ఎగిరిపోతుంది. దవడ లేని జింక పరుగెత్తగలదు, మేయలేదు, నీళ్లు తాగలేదు. నెత్తురు పెద్దగా కారదు కాబట్టి జాడ పట్టుకుని వెనక వెళ్లి దాని బాధ తీర్చడానికీ కుదరదు. ఆకలితో చావడానికి రోజులు పడుతుంది. అందుకే ఇక్కడ కొత్తవాళ్లకు తల గురించి ఆలోచించవద్దని ముందే చెప్తారు. శివారు కాలనీల్లో జింకలు మితిమీరినప్పుడు వాటిని తగ్గించడానికి వచ్చే నిపుణులు తలకే కొడతారు, నిజమే. వాళ్లు దగ్గర నుంచి, తుపాకీని గట్టి ఆధారం మీద ఆనించి, కొన్ని వందల సార్లు చేసిన పని అది. ఏడాదికి నాలుగు రోజులు అడవికి వెళ్లేవాడు వాళ్లను చూసి నేర్చుకోకూడదు.

పడిపోవడం వేరు, చావడం వేరు

మా ఊరి జాతరలో వేటపోతు తల ఒక్క వేటుకు తెగాలనేవారు. రెండో వేటు పడితే అపచారం అని పెద్దవాళ్లు బాధపడేవాళ్లు. జంతువు బాధ ఎంతసేపు అన్నదానికి మన ఊళ్లలో ఒక కొలత ఉండేదన్నమాట. తూటాతో ఆ కొలత అందుకోవాలంటే ఎక్కడ కొట్టాలన్నది అసలు చిక్కు.

ఆ మేకను కోసి విప్పడం చూసినవాళ్లకు నేను బొమ్మ వేసి చూపించక్కర్లేదు. జింక లోపల అమరిక కూడా దాదాపు అదే. గుండె మనం అనుకునేదానికంటే కిందికి, ముందుకి ఉంటుంది. సరిగ్గా ముందు కాళ్ల మధ్య, మోచేతి ఎత్తులో. దానికి పైనా వెనకా రెండు వైపులా ఊపిరితిత్తులు. వాటి వెనక ఛాతీనీ పొట్టనీ వేరుచేసే విభాజక పొర. అది దాటితే కార్జం, పొట్ట, పేగులు. గుండే ఊపిరితిత్తులూ కలిసిన భాగం ఒక మాదిరి జింకలో టిఫిన్ పెట్టే పేపర్ ప్లేటంత ఉంటుంది. ఇరవై, ఇరవై అయిదు సెంటీమీటర్లు. వేటగాడు గురి పెట్టాల్సింది ఆ ప్లేటుకే.

ఎందుకంటే తూటా జంతువును చంపేది నెత్తురు పోగొట్టి. ఊపిరితిత్తులు చిరిగినా గుండె పగిలినా మెదడుకు వెళ్లే నెత్తురు ఒత్తిడి పడిపోతుంది. పది పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. ఆ పది సెకన్లలో జింక యాభై నుంచి వంద మీటర్లు పరుగెత్తవచ్చు. మొదటిసారి చూసేవాళ్లకి అది "దెబ్బ తప్పింది" అనిపిస్తుంది. తప్పలేదు. కాళ్లలో మిగిలిన ఆక్సిజన్‌తో పరుగెడుతోంది, పరుగులోనే కూలిపోతుంది.

దీనికి ఎదురు వాదన ఒకటుంది. జబ్బ మీద కాస్త ఎత్తుగా కొడితే రెక్క ఎముక, దాని పక్కన వెన్నెముక దెబ్బతిని జింక నిలబడ్డ చోటే కూలుతుంది, వెతుక్కునే పని ఉండదు అంటారు. చాలామంది దీన్నే మేలైన దెబ్బ అంటారు కూడా. నాకు దీని మీద అనుమానం ఉంది. వెన్నెముక మాత్రమే విరిగిన జింక పడిపోతుంది గానీ దానికి స్పృహ ఉంటుంది. లేవలేక, కళ్లు తెరుచుకుని, మనిషి దగ్గరికి రావడం చూస్తూ ఉంటుంది. చూసేవాళ్లకు శుభ్రంగా కనిపించిన చావు, జింకకు శుభ్రంగా లేకపోవచ్చు. తూటా కింద ఊపిరితిత్తులను కూడా చీలిస్తే సరే. అరచేయి ఎత్తు పైకి పోతే మాత్రం వెన్నెముక ముళ్లను తాకి వెళ్లిపోతుంది. జింక ఒక్క క్షణం పడి, లేచి, మాయమవుతుంది. దగ్గరలోనే పడి ఉంటుందనుకుని మనం తాపీగా మంచె దిగుతాం.

చర్మం మీద చుక్క కాదు, లోపలి దారి

పుస్తకాల్లో జింక ఎప్పుడూ అడ్డంగా నిలబడి ఉంటుంది. ముందు కాలి వెనక అంచు పట్టుకుని పైకి వెళ్తే, ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర ఎర్ర చుక్క ఉంటుంది. కొత్తవాళ్లు ఆ చుక్కను కంఠస్థం చేస్తారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఆ చుక్క జింక అడ్డంగా నిలబడ్డప్పుడే నిజం. అది కాస్త తిరిగితే అదే చుక్క మీద తగిలిన తూటా లోపల ఇంకో దారిన పోతుంది.

జింక మన నుంచి దూరంగా ఏటవాలుగా తిరిగి ఉంటే మంచి అవకాశమే. అప్పుడు గురి అవతలి వైపు ముందు కాలి మీద ఉండాలి. తూటా పక్కటెముకల వెనక నుంచి లోపలికి వెళ్లి ఊపిరితిత్తులను దాటి అవతలి జబ్బ దగ్గర ఆగుతుంది. అందుకే ఇక్కడి పెద్దలు తూటా ఎక్కడ దిగుతుందో కాదు, ఎక్కడ బయటికొస్తుందో చూసి కొట్టమంటారు. మంచె మీద నుంచి కిందికి కొట్టేటప్పుడు ఇది మరీ ముఖ్యం. జింక మంచె కిందికే వచ్చి నిలబడితే తూటా ఒక్క ఊపిరితిత్తినే చీల్చి కడుపు కింద నుంచి పోవచ్చు. ఒక ఊపిరితిత్తితో జింక చాలా దూరం వెళ్తుంది.

మన వైపు ఏటవాలుగా తిరిగి నిలబడ్డ జింక ఇంకా కష్టం. అలవాటు కొద్దీ జబ్బ వెనక కొడితే తూటా పక్క నుంచి వెనక్కి, కార్జంలోకీ పొట్టలోకీ పోతుంది. నేను చేసిన తప్పు ఇదే. దాని గురించి చివర్లో చెప్తాను. ఎదురుగా నిలబడ్డదీ వెనక చూపిస్తున్నదీ నా లెక్కలో అసలు అవకాశాలే కావు. ఆగాలి. జింక తిరుగుతుంది, లేదా వెళ్లిపోతుంది.

జింక వెనక ఏముందన్నది ఇంకో లెక్క. రైఫిల్ తూటా జింకలోంచి దూసుకుని అవతలికి పోగలదు. వెనక ఇంకో జింక ఉంటే దానికీ తగులుతుంది. దిబ్బ మీద ఆకాశానికి ఎదురుగా నిలబడ్డ జింకను కొడితే ఆ తూటా ఎన్ని కిలోమీటర్లు పోయి ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. చప్పుడు విని, పొద కదిలిందని చూసి పేల్చడం ఎంత ఘోరమో మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. దశరథుడు శబ్దభేదిలో ఆరితేరినవాడే. గురి తప్పలేదు. ఏనుగు నీళ్లు తాగుతోందనుకున్న చోట కడవ ముంచుతున్న పిల్లవాడున్నాడు. ఇక్కడి వేట తరగతిలో, గురి పెట్టిన జంతువు ఏదో కంటితో తేల్చుకోనిదే సేఫ్టీ (తుపాకీ పేలకుండా ఆపే మీట) తీయవద్దని చెప్పినప్పుడు నేను ఆ కథే తలుచుకున్నాను.

ఎంత దూరం?

గురి సాధన చేసే రేంజిలో బల్ల మీద ఇసుక సంచులు పెట్టుకుని కొడితే నా తూటాలు మూడూ ఒక నాణెం కింద పడతాయి. అది తుపాకీ గొప్పతనం. అడవిలో చలికి వేళ్లు బిగుసుకుపోయి, మోకాలి మీద కూర్చుని, గుండె దడదడలాడుతూ ఉన్నప్పుడు వచ్చే గురి వేరు. అందుకని నా హద్దు ఇలా పెట్టుకున్నాను: బల్ల లేకుండా, అడవిలో కూర్చునే తీరులోనే కూర్చుని, పేపర్ ప్లేటు మీద ప్రతి తూటా పడే దూరం ఎంతో అంతే. పదింటిలో తొమ్మిది పడితే చాలదు. ఆ పదోది ఒక జింక కడుపు.

దూరం పెరిగేకొద్దీ సమయం కూడా పెరుగుతుంది. సగటున సెకనుకు 750 మీటర్ల వేగంతో పోయే తూటాకు 400 మీటర్లు దాటడానికి అర సెకను పైనే పడుతుంది. మేస్తున్న జింక ఒక అడుగు వేయడానికి అది చాలు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు గురి సరిగ్గానే ఉంటుంది, తూటా చేరేసరికి అక్కడ పొట్ట ఉంటుంది. ఇందులో చేతి తప్పేమీ లేదు. అందుకే దూరం నుంచి కొట్టానని గొప్పగా చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అక్కడ జింక ఎలా చస్తుందన్నది సగం అదృష్టానికి వదిలేశారు.

విల్లుతో వేటలో ఇది ఇంకా కఠినం. 27 మీటర్ల దూరం అనుకోండి. వింటినారి చప్పుడు జింక చెవికి సుమారు 0.08 సెకన్లలో చేరుతుంది. సెకనుకు 85 మీటర్ల వేగంతో పోయే బాణానికి 0.32 సెకన్లు పడుతుంది. మధ్యలో పావు సెకను. ఉలిక్కిపడ్డ జింక ఎగిరి దూకే ముందు కాళ్లు ముడిచి ఒళ్లు కిందికి దించుతుంది. గుండెకు వేసిన బాణం వీపు మీద నుంచి పోతుంది. చెవులు నిక్కించి మన వైపే చూస్తున్న జింక మీద బాణం వదలకూడదనేది అందుకే.

కొన్ని దేశాలు వీటిలో కొంత భాగాన్ని చట్టంలోనే పెట్టాయి. జర్మనీలో చిన్న రో జింక కంటే పెద్ద గిట్టల జంతువుకు తూటా వ్యాసం కనీసం 6.5 మిల్లీమీటర్లు, 100 మీటర్ల దగ్గర శక్తి కనీసం 2000 జౌళ్లు ఉండాలి. నార్వేలో పెద్ద జంతువుల వేటకు వెళ్లాలంటే ఏటేటా గురి పరీక్ష పాసవ్వాలి. ఒకసారి పాసై జీవితాంతం తిరగడం కుదరదు. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. టెక్సస్‌లో సర్టిఫికెట్ ఒకసారి తెచ్చుకుంటే చాలు, ఆ తరవాత నువ్వు గురి చూసి కొట్టగలవా అని ఎవరూ అడగరు.

తూటా రకం గురించి ఒక మాట. సైన్యం వాడే తరహా, ముక్కు దాకా లోహపు తొడుగున్న తూటా సన్నగా దూసుకుపోతుంది, జంతువు నెమ్మదిగా చస్తుంది. అందుకే వేటకు తగలగానే పుట్టగొడుగులా విచ్చుకునే తూటా వాడతారు. అది సీసంతో చేసిందైతే లోపల చిన్న చిన్న తునకలుగా విరుగుతుంది. వేటగాడు వదిలేసిన పేగులు తిన్న రాబందులకు ఆ సీసం ఎక్కుతుంది. కాలిఫోర్నియా కాండర్లు అనే పెద్ద రాబందులు 1982 నాటికి 22 మాత్రమే మిగలడానికి ఒక కారణం ఇదే. ఆ రాష్ట్రంలో 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలు నిషేధం. నేను రాగి తూటాలకు మారాను. ఖరీదు ఎక్కువే.

ఇదంతా మనకెందుకు అంటే

మన పొలాల్లోనూ అడవి జంతువులు చస్తున్నాయి. మొక్కజొన్న, వేరుశనగ చేలను అడవి పందులు రాత్రికి రాత్రి పాడుచేస్తే రైతు పడే బాధ నాకు తెలుసు, మాదీ వ్యవసాయ కుటుంబమే. పంటలను పాడుచేసే జంతువు విషయంలో అటవీ శాఖ అనుమతి ఇచ్చే దారి చట్టంలోనే ఉంది. దాని కోసం ఆగలేక చేను చుట్టూ కరెంటు తీగ లాగుతారు. ఆ తీగకు పందీ, చిరుతా, పొద్దున్నే పొలానికి వచ్చిన పక్క చేను మనిషీ ఒకటే. పండులో మందుగుండు పెట్టి వదిలితే ఏమవుతుందో 2020లో కేరళలో నోరు పగిలి నీళ్లలో నిలబడి చనిపోయిన కడుపుతో ఉన్న ఏనుగు చూపించింది. చంపేది ఏ జంతువునో చూడకపోవడం, ఎలా చస్తుందో పట్టించుకోకపోవడం, వెనక్కి వెళ్లి వెతకకపోవడం. ఈ మూడూ కలిస్తే అది. తుపాకీ ఉన్నా లేకపోయినా ప్రశ్న అదే.

ఊళ్లోకి వచ్చిన చిరుతకు మత్తు సూది పేల్చే పశువైద్యులు కూడా ఇదే లెక్క వేస్తారు. సూది తొడ కండలోనో జబ్బ కండలోనో దిగాలి. పొట్టలోనో ఛాతీలోనో దిగితే కాపాడడానికి వచ్చిన సూదే చంపుతుంది. చుట్టూ జనం అరుస్తూ సెల్‌ఫోన్లు పట్టుకుని తొందరపెడుతుంటే, చిరుత సరిగ్గా తిరిగేదాకా ఆగిన వైద్యుణ్ణి తిట్టకండి.

పేల్చాక

నేను వేటకు వెళ్లడం మొదలుపెట్టిన రెండో ఏడు. ఒక పెద్దాయన పొలంలో, ఆయన పక్కనే మంచె మీద ఉన్నాను. సాయంత్రం అయిదున్నర. తొంభై మీటర్ల దూరంలో ఒక ఆడజింక వచ్చి నిలబడింది. జబ్బ వెనక గురి పెట్టాను, ఊపిరి బిగపట్టి నొక్కాను.

ఊపిరితిత్తులకు దెబ్బ తగిలిన జింక వెనక కాళ్లు విదిలించి గుడ్డిగా పరుగెత్తుతుంది. ఇది అలా చేయలేదు. వీపు గూనిలా వంచింది. నాలుగడుగులు నెమ్మదిగా నడిచి పొదల్లోకి వెళ్లిపోయింది. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. అరగంట తరవాత దిగి అది నిలబడ్డ చోటుకు వెళ్లాం. ఊపిరితిత్తుల నెత్తురైతే లేత ఎరుపుగా, బుడగలు కట్టి నురగలా ఉంటుంది. అక్కడ ఉన్నది ముదురు ఎరుపు, కార్జం నెత్తురు. దాని పక్కన పచ్చటి మరక, పేడ వాసన. పొట్ట.

"ఇప్పుడు వెనక వెళ్లొద్దు" అన్నారాయన. నాకు అర్థం కాలేదు. బాధపడుతున్న జంతువును వదిలి ఇంటికి వెళ్లడమేమిటి? ఆయన చెప్పింది ఇది. పొట్టకు దెబ్బ తగిలిన జింకను తరమకపోతే వంద, రెండొందల మీటర్లలో పడుకుంటుంది, అక్కడే చనిపోతుంది. చీకట్లో టార్చ్ లైటు పట్టుకుని వెనకపడితే లేచి కిలోమీటర్లు పోతుంది. నెత్తురు చుక్క పడదు, ఇక ఎప్పటికీ దొరకదు. ఊపిరితిత్తుల దెబ్బకు అరగంట ఆగితే చాలు, పొట్ట దెబ్బకు ఆరు నుంచి పన్నెండు గంటలు ఆగాలి. దయగా కనిపించే పని వల్లే దాని బాధ పెరుగుతుందని నా మనసు ఒప్పుకోవడానికి ఆ రాత్రంతా పట్టింది. నార్వేలో ఎల్క్ లాంటి జంతువుల వేటకు వెళ్లేవాళ్లు గాయపడ్డ జంతువు జాడ పట్టే, శిక్షణ పొందిన కుక్కను ముందే ఏర్పాటు చేసుకోవాలని చట్టం. మా దగ్గర ఆ రోజు కుక్క లేదు. రాత్రి కయోటీల (నక్కల్లాంటి అడవి జంతువుల) అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి.

తెల్లారాక జాడ పట్టాం. ఆఖరి చుక్క కనిపించిన చోట కొమ్మకు ఒక గుడ్డ పీలిక కట్టి, అక్కడి నుంచి మోకాళ్ల మీద పాకుతూ తరవాతి చుక్క కోసం వెతకడం. మొదటి ఎనభై మీటర్లకే గంట పట్టింది. అక్కడ గడ్డి అణిగి ఉంది, నెత్తురు గడ్డకట్టి ఉంది. పడుకుని లేచింది. ఇంకో అరవై మీటర్లు పోయాక ఇంకో పడక. దానికి కాస్త దూరంలో జింక. తొడలు అప్పటికే కయోటీలు తినేశాయి.

పెద్దాయన కర్రతో కంటిని తాకి చూశారు, కదలలేదు. కత్తి నా చేతికిచ్చి కోసి చూడమన్నారు. మాంసం పనికిరాదని ఇద్దరికీ తెలుసు. తూటా ఏ దారిన పోయిందో నేను చూడాలని ఆయన పట్టు. పక్కటెముకల దగ్గర రంధ్రం ఉంది, సరిగ్గా నేను గురి పెట్టిన చోటే. అక్కడి నుంచి వేలు పెట్టి దారి పట్టుకున్నాను. ఒక ఊపిరితిత్తి అంచు, విభాజక పొర, కార్జం, పొట్ట. జింక నా వైపు ఏటవాలుగా తిరిగి నిలబడింది. తొంభై మీటర్ల దూరంలో, స్కోప్‌లో, నాకు జబ్బ వెనక ఆ చుక్క తప్ప ఇంకేమీ కనిపించలేదు.